మహిళా రైతు సంవత్సరంపై రచ్చకట్ట అర్జీ

ఐక్యరాజ్యసమితి వారి సముఖానికి,

ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఒక ఊరి రచ్చకట్ట మీద, వేపచెట్టు నీడన, పొద్దెక్కింది మొదలు పొద్దు గూకేదాకా కూర్చుని దేశం గురించి దిగులుపడే మగ రైతులం చేసుకునే మనవి ఏమనగా:

2026ను అంతర్జాతీయ మహిళా రైతు సంవత్సరంగా తమరు ప్రకటించారని పేపర్లో చూశాం. చూసినప్పటి నుంచి టీ గొంతు దిగడం లేదు. ఏడాదికి ఏడాది ఆడవాళ్ళ పేరున రాసిచ్చే ముందు మాతో ఒక మాట అని ఉండాల్సింది. మేం సెంటు భూమి రాసివ్వడానికే మూడు తరాలు ఆలోచిస్తాం.

మహిళలు ఉన్నారు, కాదనం. రైతులూ ఉన్నారు, అది మేమే. ఈ ఇద్దరూ ఒకే మనిషి కావడం మా రచ్చకట్ట ఎరిగినంతలో జరగలేదు. పాసుపుస్తకాల్లో అక్కడక్కడా జరిగినట్టు కనబడితే దానికి వేరే కారణాలున్నాయి, కింద విన్నవిస్తాం. తమరు న్యూయార్కులో ఉంటారు గనుక మా చేల సంగతి తెలియక పొరబడి ఉంటారు. అందుకే మా అభ్యంతరాలను సాక్ష్యాలతో సహా సమర్పించుకుంటున్నాం. సాక్ష్యాలు దాదాపు అన్నీ సర్కారువే. మా వాదనకు సర్కారు ఎన్నడూ లోటు చేయలేదు.

మొదటి అభ్యంతరం: చేలో ఆమె చేసేది పని కాదు.

మా పంట వేరుశనగ. మేం బుడ్డలంటాం. ఒక్క అనంతపురం జిల్లాలోనే ఏడు లక్షల హెక్టార్లకు పైగా వేసిన ఏళ్ళున్నాయి. ఆ పంటలో ఎవరి పని ఎంతో మీరే చూడండి. ముంగారు వాన పడి పదును కాగానే మేం గొర్రు పట్టుకుంటాం. వెనకాలే ఆడవాళ్ళు జడ్డిగంలో విత్తనం వదులుతూ వస్తారు. అది పని కాదు, నడక. అంతకు ముందు రోజుల తరబడి విత్తనకాయ ఒలిచి, పుచ్చులూ తాలూ ఏరి పెడతారు. కూర్చుని చేసేది పనెట్లా అవుతుంది? తర్వాత కలుపు. అది వంగి చేస్తారు, వంగడం ఆడవాళ్ళకు పుట్టుకతో వచ్చిన విద్య. ఆపైన చెట్టు పీకాలి, కాయ విడిపించాలి, ఎండబోయాలి, మబ్బు పడితే పరుగెత్తి కుప్ప చేయాలి. ఇదంతా అయ్యాక మూటలు ట్రాక్టరు మీదికెక్కించి, మండీకి తోలుకుపోయి, వ్యాపారితో ధర మాట్లాడి, నోట్లు లెక్కపెట్టి జేబులో పెట్టుకునేది మేమే. సేద్యమంటే అదీ.

కూలి సంగతికొస్తే మగకూలి వేరు, ఆడకూలి వేరు. సమాన వేతన చట్టం 1976లోనే వచ్చిందని ఒక వకీలు చెప్పాడు. వచ్చే ఉంటుంది. మా ఊరికి బస్సు కూడా వస్తుంది, ఆగదు. మగాడికి ఎక్కువ ఎందుకంటే మగాడిది బరువు పని. ఆ బరువు మొన్నటిదాకా ఎద్దులు లాగాయి, ఇప్పుడు ట్రాక్టరు లాగుతోంది, అలసట మాత్రం మాదే. దున్నే పనికి, విత్తే పనికి, మందు కొట్టే పనికి రకరకాల యంత్రాలు వచ్చాయి. నడుం వంచే పనికి మాత్రం యంత్రం ఇంకా మా ఊరి దారి పట్టలేదు. అగ్గువకు నడుములు దొరికినంత కాలం దానికి తొందరేముంది?

మడకను ఆడది ముట్టరాదని మా పెద్దలు కట్టుబాటు పెట్టారు. ముడితే వాన వెనక్కి పోతుందట. తరతరాలుగా ముట్టనివ్వలేదు. దాని పుణ్యమా అని మా జిల్లాకు ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కురుస్తోంది. దేశంలో వాన బాగా తక్కువ కురిసే జిల్లాల్లో మాదొకటని బడిపిల్లలు కూడా అప్పజెబుతారు. ఇంత కట్టుదిట్టంగా కాపాడితేనే ఇదీ గతి, ముట్టనిచ్చి ఉంటే ఏమయ్యేదో తమరే ఊహించండి. వాన రాని ఏడు మేమేమీ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. కప్పలకు పెళ్ళి చేశాం, గాడిదలకు పెళ్ళి చేశాం. పెళ్ళి చేసేస్తే అన్నీ సర్దుకుంటాయన్నది మా ఆడపిల్లల మీద వాడి చూసిన వైద్యమే. అప్పు చేసి బోరు వేయించేదీ మేమే. అది ఎండాక బిందె మోసే సంగతి చిల్లర విషయం, అర్జీలో రాయదగ్గది కాదు.

సేద్యంలోనే ఇట్లా అనుకోకండి, మాది అన్ని వృత్తుల్లో ఒకటే నీతి. ధర్మవరం చీరె కట్టని పెళ్ళికూతురు మా సీమలో తక్కువ. ఆ చీరె పేరు చెప్పగానే మగ్గం మీద కూర్చున్నవాడు కళ్ళముందు మెదులుతాడు. ఇంట్లో పట్టు తోడి, కండెలు చుట్టి, నేసేవాడికి అందించిన మనిషి మెదలదు. ఆమె ఊరికే సాయం చేసింది. ఆ ఊరికే చేసిన సాయం ఒక్కరోజు ఆగితే మగ్గం ఆగుతుందన్నది నిజమే గానీ, ఆ మాట బయట అనకూడదు.

రెండో అభ్యంతరం: ఇంట్లో ఆమె చేసేది అసలే పని కాదు.

జనం రోజులో ఏ పనికి ఎంతసేపు వెచ్చిస్తారో కేంద్ర గణాంక శాఖ 2024లో సర్వే చేసింది. జీతంలేని ఇంటిపని చేసేవాళ్ళ సగటు తీస్తే ఆడవాళ్ళకు రోజుకు 289 నిమిషాలు, మగవాళ్ళకు 88 నిమిషాలు తేలింది. మొదటి అంకెతో మాకు గొడవ లేదు. రెండోది మా పరువు తీసింది. రోజుకు 88 నిమిషాలు ఇంటిపని చేసిన ఆ మగాడెవడని ఊరంతా ఆరా తీశాం. ఒక్కడూ ఒప్పుకోలేదు. ఒకాయన మాత్రం తను మంచం మీద నుంచే చెంబు ఎక్కడుందని కేకేసి, తెచ్చాక తాగి, తిరిగి ఇవ్వడం కూడా లెక్కలోకి వచ్చిందేమోనని అనుమానపడ్డాడు.

కోడి కూయకముందే లేచి కసువూడ్చి, కల్లాపి చల్లి, నీళ్ళు పట్టి, సంగటి కెలికి, ఊరిబిండి నూరి, పిల్లల్ని బడికి తోలి, సద్ది కట్టుకుని చేనికి పోయి, మాపటికి గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని వచ్చి, పాలు పిండి, మళ్ళీ పొయ్యి ముట్టించే మనిషిని కాగితం మీద ఏమంటారో తెలుసా? ఏమీ చేయని మనిషి. అట్లా రాయించేది మేమే. జనాభా లెక్కల ఆయన గడపలో నిలబడి "మీ ఇంట్లో ఆడమనిషి ఏం చేస్తుంది?" అంటే "ఏం చేస్తాది సార్, ఇంట్లోనే ఉంటాది" అంటాం. సరిగ్గా అప్పుడే ఆమె గడ్డిమోపుతో లోపలికి రావాలంటే ఆయన పక్కకు జరిగి దారి ఇస్తాడు, ఇచ్చి మా మాటే రాసుకుంటాడు. 2027 లెక్కలకూ ఇదే జవాబు సిద్ధంగా ఉంచుకున్నాం.

ఈ పద్ధతి మా ఒక్క ఊరిది కాదు. 2001 జనాభా లెక్కలు ఇంటిపని చేసే ఆడవాళ్ళను పనిలేనివాళ్ళలో, బిచ్చగాళ్ళూ ఖైదీలూ ఉన్న వరసలోనే కూర్చోబెట్టాయి. రోడ్డు ప్రమాదంలో పోయిన ఒక ఇల్లాలి పరిహారం కేసులో 2010లో సుప్రీంకోర్టు ఇదేం వర్గీకరణ అని తప్పుపట్టింది. అప్పటి మోటారు వాహనాల చట్టం పట్టిక ప్రకారం సంపాదన లేని ఇల్లాలి ఆదాయమంటే మొగుడి సంపాదనలో మూడోవంతు. మా సంపాదనలో మూడోవంతు ఎంతో కరువు ఏడాది లెక్కతో కట్టి చూసుకోండి. ఆమె విలువ ఇదని మేం అనలేదు, పట్టిక అంది.

మూడో అభ్యంతరం: ఆమెకు భూమి లేదు, ఉన్నా లేనట్టే.

రైతు ఎవరో తేల్చేది చెమట కాదు, పాసుపుస్తకం. దేశం మొత్తమ్మీద సాగు కమతాల్లో ఆడవాళ్ళ పేరున ఉన్నవి సుమారు 14 శాతమేనని 2015-16 వ్యవసాయ గణన చెప్పింది. మన రాష్ట్రంలో ఈ వాటా దేశం సగటు కంటే బాగా ఎక్కువని కొందరు ఎగురుతారు. సర్కారు పంచిన పట్టాలు కొన్ని ఆడవాళ్ళ పేరున ఇచ్చింది, మొగుడు పోయి పేరు మారినవి కొన్ని. పేరు ఆమెదైనంత మాత్రాన ఏ పంట వేయాలో, ఎంతకు అమ్మాలో ఆమెను అడిగామని కాదు. పట్టా బీరువాలో ఆమె చీరెల కింద ఉంటుంది, తాళంచెవి మా మొలతాడుకు ఉంటుంది.

ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా వాటా ఇస్తూ ఎన్టీ రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించింది. దేశం మొత్తానికి ఆ బుద్ధి 2005లో పుట్టింది. అంటే మనం ఇరవై ఏళ్ళు ముందున్నాం. ఆ ఇరవై ఏళ్ళూ మేం వృథా చేయలేదు, హక్కు విడుదల దస్తావేజు మీద సంతకం పెట్టించే విద్యలో ఆరితేరాం. పుట్టింటికి పిలిచి, చీరె పెట్టి, ఒడిలో బియ్యం పోసి, "అన్నదమ్ములతో తగువెందుకులేమ్మా, రేపు నీకు కష్టమొస్తే దిక్కెవరు" అని ఒక పెద్దమనిషి చేత అనిపించి, రిజిస్ట్రారు ఆఫీసుకు ఆటో మాట్లాడితే చాలు. అడిగిన ఆడబిడ్డకు పుట్టింటి గడప మూసుకుంటుంది, అడగని దానికి పండక్కో చీరె వస్తుంది. ఎకరాలను చీరెల్లోకి మార్చే ఈ రేటు ఏ బ్యాంకూ ఇవ్వలేదు.

నాలుగో అభ్యంతరం: పెట్టుబడి మాది.

మాదంటే, మేం తెచ్చింది. తెచ్చింది ఆమె మెడలోంచి. విత్తనాల కాలం వచ్చేసరికి కమ్మలూ గాజులూ గొలుసులూ బ్యాంకు లాకరుకు చేరతాయి, మీద పంట రుణం వస్తుంది. రుణం మా పేరున, నగ ఆమెది. పంట పోతే బ్యాంకు వేలం ప్రకటన పేపర్లో వేస్తుంది. డ్వాక్రా గ్రూపులో ఆమె తెచ్చిన అప్పు కూడా చేలోకే పోతుంది, కంతు మాత్రం ఆమే కట్టాలి. ఒక్క కంతు తప్పినా గ్రూపులోని ఆడవాళ్ళంతా వచ్చి మా వాకిట్లో నిలబడతారు. అప్పు తీర్చడానికి ఆమెను మించిన నమ్మకస్తురాలు లేదని బ్యాంకులన్నీ ఒప్పుకుంటాయి. పంట నష్టపరిహారానికీ, కేంద్రం ఏటా వేసే ఆరు వేల కిసాన్ డబ్బుకూ మాత్రం భూమి రికార్డులో పేరెవరిదని సర్కారు చూస్తుంది. నష్టం ఆమె ఖాతాలో, సాయం మా ఖాతాలో. పద్దు సరిపోయింది.

ఐదో అభ్యంతరం అసలు అభ్యంతరం కాదు, గోడు. 2006 ఫిబ్రవరి 2న మా జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో, ప్రధాని మన్మోహన్ సింగ్, సోనియా గాంధీ వచ్చి ఉపాధి హామీ పథకం మొదలుపెట్టారు. తొలి జాబ్‌కార్డు అందుకున్నది ఒక ఆడమనిషి. అపశకునం అక్కడే కనిపించింది. ఆ చట్టం ఆడకూ మగకూ ఒకే కూలి అంది. పనిలో కనీసం మూడోవంతు ఆడవాళ్ళకు ఇవ్వమంది. పనిచోట ఆరేళ్ళలోపు పిల్లలు ఐదుగురో, అంతకు మించో ఉంటే చూసుకోవడానికి ఒకామెను పెట్టి ఆమెకూ కూలి ఇవ్వమంది. పసిబిడ్డను చూసుకున్నందుకు కూలి! ఇంతకంటే ప్రమాదకరమైన వాక్యం మేం ఏ చట్టంలోనూ చూడలేదు. ఇది ఇంటిదాకా వస్తే మా గతేం కావాలి? తవ్విన మట్టిని కొలిచారు గానీ తవ్విన చెయ్యి ఎవరిదని అడగలేదు. డబ్బు ఆమె పేరున పడింది. మన రాష్ట్రంలో ఆ పనికి వచ్చినవాళ్ళలో సగం కంటే ఎక్కువ ఆడవాళ్ళే అయ్యారు. తర్వాత మా చేలో కలుపుకు రమ్మంటే "కూలి ఎంతిస్తావన్నా?" అని ముందే అడగడం నేర్చారు. మా మొర ఆలస్యంగానైనా ఢిల్లీకి వినబడింది. ఆ ఉపాధి చట్టం స్థానంలో 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన కొత్త చట్టం, విత్తనాల అదనులోనూ కోతల అదనులోనూ కలిపి ఏడాదికి 60 రోజులు ఆ పనులు ఆపే ఏర్పాటు చేసింది. ఆ 60 రోజులూ ఆమెకు మా గట్టు తప్ప దారి లేదు. కూలి ఎంతని అడిగే నోళ్ళకు కాస్త విశ్రాంతి దొరుకుతుంది.

ఇంత చెప్పాక, ఆమెను రైతుగా గుర్తించే పద్ధతే మా దగ్గర లేదని తమరు తొందరపడి తీర్మానించవద్దు. ఉంది. దానికి మొగుడు చావాలి.

మా జిల్లాలో అప్పులు తాళలేక పురుగుల మందు తాగిన మగవాళ్ళ లెక్క తమకు తెలిసే ఉంటుంది. అట్లాంటి కుటుంబాలకు 2004లో జీవో 421 కింద లక్షన్నర సాయం ప్రకటించారు. అది 2015లో ఐదు లక్షలు, 2019లో ఏడు లక్షలు అయింది. ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయాధికారి కలిసి విచారణకు వస్తారు. అతను రైతేనా, అప్పు నిజమేనా, చావుకు కారణం అప్పేనా, కాగితాలేవి? బతికినన్నాళ్ళూ ఏ ఆఫీసూ పేరడగని ఆడమనిషిని ఆ రోజు అందరూ వరసపెట్టి అడుగుతారు. ఏ షావుకారు దగ్గర ఎంత తెచ్చామో మేం ఆమెకు ఎన్నడూ చెప్పలేదు. ఆమె రుజువు చేయాలి. కౌలు చేనైతే కాగితమే ఉండదు, అయినా రుజువు చేయాలి. చేస్తే సాయం వస్తుంది, చేయకపోయినా అప్పు వస్తుంది. పుస్తెలు తెగితే గాని పాసుపుస్తకం రాదు, మా ఊరి భూచట్టం మొత్తం ఇంతే.

మరి ఆమే చనిపోతే? దేశంలో 2022లో సాగుదారుల కింద నమోదైన ఆత్మహత్యలు 5,207, అందులో ఆడవాళ్ళు 208 మంది. అదే ఏడాది గృహిణులన్న గడిలో నమోదైనవి 25,309. జాతీయ నేర గణాంకాల సంస్థ పుస్తకంలోని అంకెలివి. ఆ గడిలో నిన్నటిదాకా కలుపు తీసిన చేతులెన్నో, కుదువ పెట్టిన నగ విడిపించుకోలేకపోయిన మెడలెన్నో ఎవరూ విడదీయలేదు. పాసుపుస్తకం లేదు గనుక రైతు కాదు, రైతు కాదు గనుక అది సేద్యపు చావు కాదు. విచారణకు జీపు రాదు. చచ్చినా సరే, రికార్డు మా మాట జవదాటలేదు.

ఈ రికార్డును చెరపాలని ఒక పెద్దాయన చూశాడు. ఎం.ఎస్. స్వామినాథన్ రాజ్యసభలో 2012లో మహిళా రైతుల హక్కుల బిల్లు పెట్టాడు. భూమి పేరున ఉన్నా లేకున్నా సేద్యం చేసే ఆడమనిషి రైతేననీ, గ్రామసభ ఆమోదంతో ఆమెకు ధ్రువపత్రం ఇవ్వాలనీ అందులో ఉంది. హరిత విప్లవం తెచ్చినాయనకు దేశమంతా దండ వేసింది, ఈ బిల్లు దగ్గరకొచ్చేసరికి సభకు తీరిక దొరకలేదు. 2013లో ఆయన పదవీకాలంతో పాటు అదీ ముగిసింది. తర్వాత 2024లో ఆయనకు భారతరత్న ఇచ్చారు. మనిషిని గౌరవించి మాటను పక్కనబెట్టడం మా ఇంటి పద్ధతే. ఆడదాన్ని మహాలక్ష్మి అనడం అట్లాంటిదే.

చివరగా మా భయం. ఐస్‌లాండ్ అనే దేశంలో 1975 అక్టోబరు 24న పదిమందిలో తొమ్మిదిమంది ఆడవాళ్ళు ఇంటిపనీ బయటిపనీ మానేసి వీధుల్లోకి వచ్చారట. మగవాళ్ళు పిల్లల్ని ఆఫీసులకు ఎత్తుకుపోయారట. ఒక్కరోజుకే దేశం కదలక నిలబడిందట, మరుసటి ఏడాదే సమానత్వ చట్టం వచ్చిందట. మాకు ఒంట్లో వణుకు పుట్టింది ఆ నెల చూసి. అక్టోబరంటే మాకు బుడ్డలు పీకే కాలం. మన కేంద్ర వ్యవసాయ శాఖ మహిళా కిసాన్ దివస్ పెట్టిందీ అక్టోబరు 15నే. సన్మానమని వాళ్ళను పట్నానికి తోలుకుపోతే చేలో కాయ ఎవరు పీకాలి?

కాబట్టి తమరిని వేడుకునేది ఇవీ:

ఒకటి, ఆ సన్మానం రోజు మార్చండి. జూన్, జూలైల్లో వద్దు, విత్తనం పడాలి. ఆగస్టు, సెప్టెంబరు కలుపు. అక్టోబరు, నవంబరు పంట. ఆపైన కాయ ఒలుపు, వలసపోతే బెంగళూరు కట్టుబడి పనులు. ఎండాకాలంలో ఉపాధి మట్టి, నీళ్ళ బిందె. ఎంత వెదికినా ఏడాదిలో ఆమెకు తీరిక ఉన్న రోజు మాకు దొరకలేదు. మా తీరిక రోజుల్లోంచి ఒకటి ఇస్తాం, ఎన్ని కావాలన్నా ఉన్నాయి.

రెండు, శాలువా ఆమెకు కప్పండి, మైకు మాకివ్వండి. పంచాయతీల్లో సగం సీట్లు ఆడవాళ్ళకిచ్చినప్పుడు ఆ కుర్చీల బరువు మేం మోయలేదా?

మూడు, సన్మాన పత్రంలో త్యాగం, ఓర్పు, సహనం అనే మాటలు ఎన్నైనా వాడండి. కూలి, వాటా, సంతకం అనే మాటలు రాకుండా చూడండి.

నాలుగు, భూమి సంగతి. మేమేమీ మొండివాళ్ళం కాదు. చేను, ఎండిన బోరు, బ్యాంకు బాకీ, షావుకారు నోటు అన్నీ ఆమెకే చెందుతాయి, అందులో చిల్లిగవ్వ దాచుకోం. ఆమె రైతు కావడానికి మాకు ఏ అభ్యంతరమూ లేదు, మేం చచ్చేదాకా ఆగితే చాలు.

ఇట్లు,
తమ విధేయులు,
పాసుపుస్తకం గల రైతులు.